ఓబులమ్మ బండి వెనక చక్రాలు

చందానగర్‌లో ఓబులమ్మ ఇల్లు ఏదని అడిగితే ఎవరూ నంబరు చెప్పరు. "వాకిట్లో పికప్పు, దాని తోకకు దోశల బండి ఉంటాయి చూడు, అదే" అంటారు. పికప్పు నడిపేది ఓబులమ్మే. పక్క సీట్లో కూర్చుని మలుపు వచ్చినప్పుడల్లా తలుపు గట్టిగా పట్టుకునేది ఆమె మొగుడు తిమ్మప్ప. పిండి రుబ్బడంలో తిమ్మప్పకు సాటి లేరు గానీ, స్టీరింగు ముట్టుకోమంటే మాత్రం చేతులు వెనక్కి దాచుకుంటాడు.

వాళ్ల సొంతూరు అనంతపురం జిల్లాలో కదిరి దగ్గర. అక్కడ పుట్టింట్లో అన్న ట్రాక్టరు నడుపుతుంటే పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని ఓబులమ్మ అన్నీ చూసింది. ఊరికే చూసి ఊరుకునే మనిషి కాదు. ఈ పుల్ల లాగితే ఏమవుతుంది, ఆ పెడలు తొక్కితే ఏం ఆగుతుంది అని అడిగి అడిగి అన్న ప్రాణం తీసేది. ఒకసారి వేరుశనక్కాయల ట్రాలీ ఊరి వాగు ఇసుకలో దిగబడిపోయింది. అన్న చిన్న గేరు పుల్లను బలం ఎక్కువిచ్చే 'లో'లోకి తోసి క్లచ్చి వదిలాడు. ఇంజను గొంతు చించుకుంది, చక్రాలు మాత్రం తీరిగ్గా, ఒకటే పట్టుగా తిరిగాయి. ట్రాలీ ఇసుకలోంచి పైకి లేచి వచ్చేసింది. ఆ దృశ్యం ఓబులమ్మ మనసులో అలాగే నిలిచిపోయింది.

హైదరాబాదు వచ్చాక మొదట గచ్చిబౌలి రోడ్డు పక్కన తోపుడు బండి మీద ఉగ్గాని, బజ్జీలు అమ్మింది. ఆ తర్వాత ఎర్రకారం దోశలు మొదలుపెట్టింది. సాఫ్ట్‌వేరు పిల్లలు బాగా అలవాటు పడ్డాక వెల్డింగు షాపులో కొలతలు చెప్పి మరీ రెండు చక్రాల ఇనుప బండి చేయించుకుంది. దాని మీద పొయ్యిలు, పెనాలు, పిండి డ్రమ్ములు, వెనక నీళ్ల డ్రమ్ము. దాన్ని లాగడానికి ఒక సెకండ్‌హ్యాండ్ పికప్పు కొన్నది.

కొన్న వారంలోనే పికప్పు వెనక నుంచి ఏడుపు లాంటి మోత మొదలైంది. మూసాపేటలో మెకానిక్ చంద్రయ్య షెడ్డుకు తీసుకెళ్లింది. చంద్రయ్యది మెదక్ వైపు. చేతికి గ్రీజు ఎంత ఉంటుందో నోటికి వెటకారం అంత ఉంటుంది. వెనక ఇరుసు మధ్యలో ఉన్న గుండ్రటి డబ్బా విప్పి లోపలికి చూశాడు.

"అక్కా, లోపల క్రౌన్ పినియన్ పండ్లు అరిగిపోయినయ్. నువ్వు దోశలు పోస్తవు, అమ్మినోడు నీకు టోపీ పెట్టిండు."

గోనెసంచి పరిచి దాని మీద రెండు జతలు పెట్టాడు. ఒక్కో జతలో ఒక చిన్న పళ్ల చక్రం, ఒక పెద్ద పళ్ల చక్రం.

"గిది రోడ్డు సెట్టు. గిది లోడు సెట్టు. ఏది ఎక్కియ్యమంటవు?"

అప్పుడు అక్కడే ఉన్న దినేష్ ఊరుకోలేదు. దినేష్ ఓబులమ్మ అక్క కొడుకు, పుప్పాలగూడలో ఒక కంపెనీలో ఉద్యోగం. "రోడ్డు సెట్టే వెయ్యన్నా. చిన్నమ్మ బండి కొంచెం పరుగెత్తనీ" అన్నాడు.

ఓబులమ్మ గోనెసంచి ముందు గొంతుక్కూర్చుంది. చిన్న చక్రాల పళ్లు వేలితో తడుముతూ లెక్కపెట్టింది. రోడ్డు దానికి తొమ్మిది, లోడు దానికి ఎనిమిది. పెద్ద చక్రానికి రోడ్డు దానిలో ముప్ఫై ఏడు, లోడు దానిలో నలభై ఒకటి.

"ఏం చంద్రయ్యా, ఈ చిన్నది ఎన్నిసార్లు తిరిగితే పెద్దది ఒకసారి తిరుగుతుంది?"

"రోడ్డు సెట్ల నాలుగుసార్ల మీద జరంత. లోడు సెట్ల ఐదుసార్ల మీద జరంత."

"అంటే లోడు దాంట్లో ఇంజను ఎక్కువ తిరగల్ల, బండి తక్కువ నడవల్ల."

"గంతే అక్కా. బలం ఎక్కువ, ఉరుకుడు తక్కువ. గేరుబాక్సుల ఐదు గేర్లున్నా, ఆఖరికి అన్నీ దీంట్ల నుంచే పోవాలె. ఇది మారిస్తే ఐదూ మారినట్టే. డీజిలు జర ఎక్కువ తాగుతది. హైవే మీద ఐదో గేరుల గూడ ఇంజను మొత్తుకుంటది."

"మొత్తుకోనీ. మా ఇంట్లో మొత్తుకోనిదెవరు?"

తిమ్మప్ప తల దించుకుని నవ్వాడు. దినేష్ ఇంకో మాట అనబోతే ఓబులమ్మ చెయ్యెత్తింది. "నాయనా, నేను పెండ్లికి పోయేది లేదు. వెనక దోశల బండి లాగల్ల. నిండు నీళ్ల డ్రమ్ము లాగల్ల. లోడుదే వెయ్యి చంద్రయ్యా."

వేశాడు. ఏడాది పాటు బండి గొడవ పెట్టలేదు. ఎక్కడ ఆపినా, ఎక్కడ కదిలించినా వెనక బండి మెత్తగా వచ్చేది. అయితే నిజం చెప్పుకోవాలంటే, నెమ్మదిగా వచ్చేది. లింగంపల్లి దాటాక బస్సులు వెనక నుంచి హారన్లు కొట్టేవి. ఆటోవాళ్లు పక్కకు వచ్చి, "ఓ అమ్మా, నిద్ర పట్టిందా?" అని అరిచి పోయేవారు. దినేష్ అయితే వచ్చినప్పుడల్లా ఒక వార్త తెచ్చేవాడు. "చిన్నమ్మా, నిన్న నిన్ను సైకిలు దాటిపోయిందంటనే. సైకిలు మీద గ్యాసు బండ కూడా ఉందంట."

నవ్వేసేది గానీ ఓబులమ్మకు ఎక్కడో గుచ్చుకునేది. ఒకరోజు పటాన్‌చెరు వైపు పాత సామాను అమ్మే చోట రెండు చక్రాలు కనిపించాయి. రిమ్ములతో సహా ఉన్నాయి, టైర్ల గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. తన బండి చక్రాల కంటే బాగా ఎత్తు. అమ్మేవాడు చెప్పాడు, ఇవి వెనక వేస్తే బండి వేగం పెరుగుతుందని, ఇంజను మొత్తుకోవడం తగ్గుతుందని. వేయించింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. గచ్చిబౌలి రోడ్డు మీద ఇంజను గొంతు తగ్గింది. హారన్లు తగ్గాయి. ఈ సంగతి చంద్రయ్యకు మాత్రం చెప్పలేదు. చెబితే, "మరి ఆనాడు రోడ్డు సెట్టు వద్దంటివి గదా" అని పదిమందిలో ఎత్తిపొడుస్తాడని ఆమె అనుమానం. పాత చక్రాలు తెచ్చి వరండాలో పడేస్తే తిమ్మప్ప వాటి మీద పిండి డ్రమ్ములు పెట్టుకున్నాడు.

అంతలో రెండువేల పదకొండు సెప్టెంబరు వచ్చింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు డిపోల్లోంచి బయటికి రావడం లేదు. బొగ్గు గనుల్లో పని ఆగడంతో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియడం లేదు. ఆఫీసులు మాత్రం నడుస్తున్నాయి. పిల్లలు నడిచి, ఒకరి బండి మీద ఒకరు వేలాడి వస్తున్నారు. వచ్చినవాళ్లకు తినడానికి ఏమీ ఉండటం లేదు, క్యాంటీన్లలో పనిచేసేవాళ్లు రావడం లేదు గనక.

పుప్పాలగూడలో దినేష్ పనిచేసే కంపెనీ గుట్ట మీద ఉంది. బండరాయి తొలిచి వేసిన దారి నిట్టనిలువుగా పైకి పోతుంది. అక్కడ సెక్యూరిటీ సూపర్‌వైజరు ఇశ్రాయేలు. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన. గచ్చిబౌలిలో ఓబులమ్మ దోశ తిననిదే డ్యూటీకి వెళ్లడు.

"అమ్మగారూ, మా గేటు పక్కన చోటు ఉందండి. షెడ్డు కూడా ఉంది, వర్షం వచ్చినా ఇబ్బంది లేదు. సమ్మె అయిపోయినా ఆ చోటు మీదే ఉండేలా మా మేనేజరు గారితో మాట్లాడానండి. కాకపోతే బండి రోజూ పైకి రావాలి. రాగలదాండి?"

ఓబులమ్మ ఏళ్ల తరబడి వెతుకుతున్నది సరిగ్గా అలాంటి చోటు కోసమే. రోడ్డు పక్కన ఉంటే ఎవరో ఒకరు వచ్చి తొయ్యమంటారు. ఎండకు ఎండాలి, వానకు పిండి డ్రమ్ములకు గొడుగు పట్టాలి. గేటు పక్కన నీడలో, ఎవరూ లేపని చోటు. "నా బండి రాకపోవడమేమి నాయనా? లోడు సెట్టు వేసిన బండి" అంది ధీమాగా.

మర్నాడు పొద్దున్నే పోయింది. గుట్ట మొదట్లో మొదటి గేరులో పెట్టి పైకి పట్టించింది. సగం దాకా బాగానే పోయింది. అక్కడ దారి ఇంకా నిటారవుతుంది. ఇంజను వణికింది, దగ్గింది, ఆగిపోయింది. బ్రేకు పట్టి మళ్లీ స్టార్టు చేసింది. క్లచ్చి సగం వదిలి యాక్సిలరేటరు గట్టిగా తొక్కింది. బండి అంగుళం జరిగి మళ్లీ ఆగింది. తిమ్మప్ప దిగి చెక్క మొద్దు తెచ్చి చక్రం వెనక పెట్టాడు. ఇంకోసారి ప్రయత్నం చేసింది. అప్పుడు ఒక వాసన వచ్చింది.

"దోశ మాడుతాందా?" అన్నాడు తిమ్మప్ప.

"పొయ్యి అంటించందే దోశ యాడ మాడుతుందయ్యా? ఇది క్లచ్ ప్లేటు."

ముప్ఫై ఏళ్లుగా పెనం ముందు నిలబడ్డ ముక్కు అది, మోసపోదు. ఇంకొక్కసారి తొక్కితే ప్లేటు మాడిపోతుందని అర్థమైంది. మెల్లగా వెనక్కి దింపింది. కిందికి నడిచి వచ్చిన ఇశ్రాయేలు తల గోక్కున్నాడు. "అమ్మగారూ, నూడిల్స్ టెంపో అతను కూడా అడుగుతున్నాడండి. మేనేజరు గారు రేపటి దాకా చూస్తామన్నారు. రేపు మీరు పైకి రాకపోతే నా చేతుల్లో ఏమీ లేదండి."

ఓబులమ్మ బండి మూసాపేట వైపు తిప్పింది. మూసాపేట చేరేసరికి రోడ్డు మొత్తం మూసేసి ఉంది. వంటా వార్పూ జరుగుతోంది. రోడ్డు మధ్యలోనే రాళ్ల పొయ్యిలు, పెద్ద డేగిసాలు, డప్పులు. అన్నం అక్కడే వండుకుని అక్కడే కూర్చుని తినడం ఆ ఉద్యమంలో ఒక తీరు. చంద్రయ్య మెడలో గులాబీ కండువాతో పప్పు గిన్నె కలుపుతున్నాడు.

"చంద్రయ్యా, షెడ్డు తెరువు. నా బండి ఎక్కడం లేదు."

"అక్కా, సమ్మె. పానా ముట్టను. ఎవరికీ ముట్టలేదు, నీకు ముడితే నా తోటోళ్లల్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"రేపు పొద్దున పైకి పోకుంటే నా చోటు పోతుంది, తెలుసునా?"

పక్కన ఉన్న ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "ఈ అమ్మది ఏ జిల్లా?"

"అనంతపురం" అంది ఓబులమ్మ, గొంతు తగ్గించకుండా.

చంద్రయ్య గరిట పైకెత్తాడు. "మా అక్కనే. గచ్చిబౌలిల ఎంతమందికి కడుపు నింపుతదో మీకేం తెలుసు. జర తొవ్వ ఇయ్యిండ్రి." తర్వాత ఓబులమ్మ వైపు తిరిగాడు. "అక్కా, చేతులే సమ్మెల ఉన్నయ్. నోరు సమ్మెల లేదు. ఏమైందో చెప్పు."

ఆమె చెప్పింది. వెనక దోశల బండిలో పొద్దున అమ్ముడుపోని పిండి నిండుగా ఉంది, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. చెబుతూనే పొయ్యి అంటించింది. పెనం వేడెక్కగానే దోశలు పోయడం మొదలుపెట్టింది. "ఏ జిల్లా" అని అడిగినాయనే మొదటి దోశ తిన్నాడు. ఎర్రకారానికి కళ్ల నీళ్లు పెట్టుకుని రెండోది అడిగాడు.

చంద్రయ్య దోశ ముక్క నములుతూ పికప్పు చుట్టూ ఒక రౌండు తిరిగాడు. వెనక చక్రాల దగ్గర ఆగాడు. నమలడం ఆపేశాడు.

"గిదేంది?"

ఓబులమ్మ పెనం మీద ఇంకో దోశ పోసింది.

"గివి నేను ఎక్కిచ్చిన చక్రాలు కావు. బండి ముంగట వంగి, వెనక లేచి, మేక గడ్డి మేసినట్టున్నది."

"సెకండ్‌హ్యాండులో మంచిగా దొరికినాయి."

"దొరికినయ్. గా సంగతి నాకెందుకు చెప్పలే?"

"చెబితే నువ్వు నవ్వుతావని."

"ఇప్పుడు నవ్వుతున్న చూడు!" అని నిజంగానే నవ్వాడు. డప్పు కొట్టేవాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. నవ్వు అయ్యాక చంద్రయ్య కింద కూర్చుని చేత్తో చక్రం ఎత్తు కొలిచి చూపించాడు. "అక్కా, నువ్వు లోపల లోడు సెట్టు పెట్టుకున్నవ్. బయట ఈ పెద్ద చక్రం తగిలించుకున్నవ్. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు బండి ఎక్కువ దూరం పోవాలె. అంటే ఇంజనుకు ఒక్కో చుట్టు బరువైతది. లోపల నీకు వచ్చిన బలాన్ని బయట నువ్వే సగం తీసేసినవ్."

ఓబులమ్మ అట్లకాడ గాల్లో గుండ్రంగా తిప్పి చూసింది. మొహం వెలిగింది.

"అర్థమైంది. సంగటి కెలికేటప్పుడు సన్న తెడ్డయితే చెయ్యి తిరుగుతుంది. వెడల్పు తెడ్డు పెడితే ఒక్క కెలుకుకు ముద్ద ఎక్కువే కదులుతుంది గానీ, సంగటి గట్టిపడ్డాక చెయ్యి ఆడదు. నేను తెడ్డు మార్చుకున్నాను."

"ఇగ నాకేం పని? నువ్వే మెకానిక్‌వి."

"క్రౌను మార్చాల్నా?"

"మార్చకు. అది మంచిగుంది. పాత చక్రాలు ఉన్నయా, అమ్ముకున్నవా?"

"పిండి డ్రమ్ముల కింద ఉన్నాయి."

"మరేంది పరేషాన్? ఇంటికి పో, జాకీ పెట్టు, పాతవి ఎక్కియ్యి. నీళ్ల డ్రమ్ము సగమే నింపు, పైన నల్లా ఉంటది గదా. క్లచ్చి సగం పట్టి సతాయించకు. మొత్తం వదిలెయ్యి, ఇంజను గుంజుకుంటది. ఇంకో మాట. ఏ గేరుల ఎక్కినవో అదే గేరుల దిగు. బ్రేకు మీద నమ్మకం పెట్టుకోకు, వెనక బండి నిన్ను తోస్తది."

దోశలు అయిపోయాయి. డబ్బు ఇవ్వబోయినవాళ్లను ఓబులమ్మ గదిమింది. "వంటా వార్పులో డబ్బులు తీసుకుంటారేమప్పా యాడైనా?"

సాయంత్రం వరండాలో పెద్ద గొడవ. డ్రమ్ములు ఎక్కడ పెట్టాలని తిమ్మప్ప, ముందు చక్రాలు ఇవ్వమని ఓబులమ్మ. జాకీ ఆమె తిప్పింది. నట్లు బిగుసుకుపోయి ఉంటే పానా మీద కాలు పెట్టి నిలబడి తిప్పింది. వీధిలో పిల్లలు గుమిగూడారు. "అవ్వా, నువ్వు ఊగుతున్నావా?" అని ఒక పిల్ల అడిగింది. "ఊగడం కాదు, చోటు సంపాదిస్తాండా" అంది ఓబులమ్మ. చీకటి పడక ముందే పాత చక్రాలు ఎక్కాయి. బండి మళ్లీ చదునుగా నిలబడింది.

మర్నాడు గుట్ట మొదట్లో బండి ఆపి, మొదటి గేరులో వేసి, క్లచ్చి మీద నుంచి కాలు పూర్తిగా తీసేసింది. ఇంజను గొంతు చించుకుంది. చక్రాలు ఆనాడు వాగు ఇసుకలో అన్న ట్రాక్టరు లాగే తీరిగ్గా తిరగడం మొదలుపెట్టాయి. బస్సుల్లేక నడిచి వస్తున్న పిల్లలు బండి పక్కనే ఎక్కుతున్నారు. వాళ్లలో దినేష్ కూడా ఉన్నాడు.

"చిన్నమ్మా, నడిచేవాళ్లు నిన్ను దాటిపోతాండారు!"

"దాటిపోండి నాయనా. పైకి పోయినాక ఆకలితో మీరే ఆగుతారు."

సరిగ్గా నిన్న ఆగిన చోటుకు వచ్చేసరికి పై నుంచి నీళ్ల ట్యాంకరు దిగుతూ కనిపించింది. దారి ఇరుకు. ట్యాంకరు వెనక్కి పోలేదు. ఓబులమ్మ బ్రేకు తొక్కి, బండిని బండరాయి అంచుకు ఒరిపి ఆపింది. తిమ్మప్ప చెప్పకముందే దిగి చెక్క మొద్దు పెట్టాడు. ట్యాంకరు అద్దానికి అద్దం రాసుకుంటూ వెళ్లిపోయింది. వెనక బండి బరువు మొత్తం పికప్పును కిందికి గుంజుతోంది. పిల్లలు కొందరు ఆగి చూస్తున్నారు. దినేష్ నవ్వడం మానేశాడు.

"తొయ్యమంటావా చిన్నమ్మా?"

"పక్కకు జరుగు. వెనక ఎవురూ నిలబడద్దండి."

చేతి బ్రేకు బిగించింది. క్లచ్చి మెల్లగా వదిలింది. బండి ముక్కు కొంచెం పైకి లేచినట్టు అనిపించగానే చేతి బ్రేకు వదిలి, క్లచ్చి మీద నుంచి కాలు తీసేసింది. ఇంజను ఒక్కసారి తగ్గి మళ్లీ అందుకుంది. చెక్క మొద్దు వెనకే ఉండిపోయింది. బండి ముందుకు పోయింది. ఓబులమ్మ ముక్కు ఎగబీల్చి చూసింది. డీజిలు వాసన, పిండి వాసన. మూడో వాసన లేదు.

తిమ్మప్ప చెక్క మొద్దు చంకలో పెట్టుకుని బండి వెనక నడిచి పైకి వచ్చాడు. బండిని అందుకోవడానికి పరుగెత్తాల్సిన అవసరం కూడా పడలేదు, అంత నెమ్మదిగా ఎక్కుతోంది అది.

గేటు దగ్గర ఇశ్రాయేలు అడ్డకర్ర పైకెత్తి, చోటు చూపించాడు. "రండమ్మగారూ, రండి. ఇదిగో మీ షెడ్డు. నూడిల్స్ అతనికి ఇప్పుడే చెప్పేస్తానండి."

"చెప్పేముందు ఒక దోశ తిను నాయనా. ఖాళీ కడుపుతో ఎవరికీ లేదని చెప్పగూడదు."

దినేష్ చెమట తుడుచుకుంటూ వచ్చి వరుసలో నిలబడ్డాడు. ఓబులమ్మ అందరికీ పోసి, వాడికి ఆఖరున పోసింది. "సైకిలు సంగతులేమైనా ఉన్నాయా?" అని అడిగింది. వాడు దోశ మీదికి తల వంచుకుని, "ఎర్రకారం ఇంకొంచెం వెయ్యి చిన్నమ్మా" అన్నాడు.

సమ్మె అయిపోయింది, బస్సులు తిరిగాయి, క్యాంటీను తెరుచుకుంది. షెడ్డు కింద దోశల బండి చోటు మాత్రం పోలేదు. పొద్దున మొదటి గేరులో ఎక్కుతుంది, పదకొండింటికి మళ్లీ మొదటి గేరులోనే దిగుతుంది. ఆ తర్వాత హైవే మీద హారన్లు మోగితే మోగనిమ్మని ఎడమ అంచున పోతుంది. రాష్ట్రం వచ్చిన రోజు చంద్రయ్య గుట్ట మీదికి వచ్చి పిండి అయిపోయేదాకా తిన్నాడు, వంటా వార్పు నాటి లెక్కే అన్నాడు, ఆమె కూడా డబ్బులు తీసుకోలేదు.

ఇక ఆ పెద్ద చక్రాలంటారా, అవి వరండాలోనే ఉన్నాయి. పాతవాటికంటే ఎత్తు కదా, పిండి డ్రమ్ము వాటి మీద పెడితే తిమ్మప్ప నడుం వంచాల్సిన పని లేదు. అంత మంచి చక్రాలు ఓబులమ్మ తన జన్మలో కొనలేదని ఆయన ఇప్పటికీ అంటాడు.